పెరిగిన మెట్టు

స్తంభానికి చుట్టిన గోనెసంచి తడిసి బరువెక్కేదాకా ఆగి, తడి బాబాయి గొట్టం మూతి మీద బొటనవేలు ఇంకాస్త నొక్కాడు. నీటిధార విసనకర్రలా విచ్చుకుని స్తంభాన్ని పైనుంచి కిందికి నిమిరింది. ఎండకి తెల్లబడిన సిమెంటు ముదురు రంగు తిరిగి, పెదాలు చప్పరించినట్టు చిన్న శబ్దం చేసింది. ఆ శబ్దం వింటేగానీ ఆయన పక్క స్తంభానికి కదలడు. పాలు తాగిన పసిపిల్లదీ, నీళ్ళు తాగిన సిమెంటుదీ ఒకటే చప్పుడని ఆయన గట్టి నమ్మకం.

కొత్తగా కట్టే ఇళ్ళకి నీళ్ళు కొట్టడమే ఆయన పని. కట్టేవాళ్ళు కట్టి వెళ్ళిపోతారు, కాపురం ఉండేవాళ్ళు తర్వాతెప్పుడో వస్తారు. ఆ మధ్యలో సిమెంటు గట్టిపడేదాకా తడి ఆరనివ్వకుండా కాపలా కాసేది ఈయన. అసలు పేరేమిటంటే భార్య కూడా కాసేపు తల గోక్కోవాలి. పాదాలు ఎప్పుడూ నానిపోయి, తెల్లగా ముడతలుపడి ఉంటాయి. బొటనవేలి మీద గొట్టం అంచు ఒరుసుకుని ఒరుసుకుని గవ్వంత కాయ కాసింది. గొట్టం ఒకప్పుడు ఆకుపచ్చది. చిల్లు పడ్డ చోటల్లా సైకిలు ట్యూబు ముక్కలు చుట్టగా చుట్టగా ఇప్పుడది చారల పాములా తయారైంది.

ఇవాళ్టితో ఆయన పని ఆఖరు. పొద్దున బయల్దేరుతుంటే భార్య మూటలు కడుతూ కడుతూ వచ్చి గుమ్మంలో అడ్డం నిలబడింది.

"సాయంత్రం బస్సుకి అందాలి. అమ్మాయి అక్కడ బస్టాండులో కాసుక్కూర్చుంటుంది. దాని దగ్గరకి వెళ్ళాకైనా పొడికాళ్ళతో పడుకో మహానుభావా! నీ పక్కన పడుకుంటే నాకు కలలో కూడా వానే."

"మెట్లకి నీళ్ళు కొట్టేసి వచ్చేస్తానే. నా చేతి మీద ఆఖరి మెట్లు. ఇంకా పచ్చిగా ఉన్నాయి."

"మెట్లు పచ్చిగానే ఉన్నాయి, నీ మోకాళ్ళే పండిపోయాయి" అంటూ ఆవిడ పక్కకి తప్పుకుంది.

ఆయన బెంగంతా ఆ మెట్ల గురించే. కట్టిస్తున్న ఇంటాయన నిన్న వాటిని ఎక్కబోయి ఒకచోట ఆగిపోయాడు. నడిమధ్యలో ఒక మెట్టు మిగతావాటికన్నా నాలుగు వేళ్ళు ఎత్తుంది. అంతే, మెట్లు మొత్తం పగలగొట్టిస్తానని ఒంటికాలి మీద లేచాడు. బాబాయికి రాత్రంతా సరిగా నిద్రలేదు. ఇన్నేళ్ళలో తను తడిపి పెంచింది ఒక్కటి కూడా తన కళ్ళ ముందు కూలలేదు. ఆఖరిదాన్ని గునపంతో పొడుస్తుంటే చూసి బస్సెక్కాలా?

ఇంటివాళ్ళకీ కాంట్రాక్టర్లకీ పోట్లాటలు ఆయనకి కొత్త కాదు. ఎన్ని చూశాడంటే, గాలివాన చూసినవాళ్ళు పిల్లగాలిని పట్టించుకోనట్టు చిన్నాచితకా వాటికి తల కూడా తిప్పడు. ఒక ఇంట్లో అరుపులకి పచ్చిగోడ మీది పూత దానంతటదే ఊడి కింద పడిందట. ఇంకో ఇంట్లో తలుపు లోపలికి తెరుచుకోవాలా బయటికా అని ఎంత కాలం తగువుపడ్డారంటే, తలుపు విసిగిపోయి అటూ ఇటూ రెండువైపులా తెరుచుకోవడం నేర్చుకుందట. రోజూ సాయంత్రం వీటిని భార్యకి గొంతులు మార్చి మరీ ఆడి చూపిస్తాడు.

ఎన్ని చూసినా ఎవరి పక్షానా ఒక్క ముక్క మాట్లాడింది లేదు. "నువ్వే చెప్పు బాబాయ్!" అని ఎవరైనా లాగితే, "అయ్యో, గోడ ఆరిపోతోంది" అంటూ జారుకుంటాడు. మాట ముదిరి చేతులు లేచేదాకా వస్తే మాత్రం ఆయన చేతిలో గొట్టం పొరపాటున జారుతుంది. ఇద్దరూ నిలువునా తడుస్తారు. తడిసినవాళ్ళిద్దరూ ఒక్కటై బాబాయిని నానా తిట్లూ తిడతారు. తిట్టి తిట్టి అలిసిపోయాక అసలు తగువు ఎక్కడ ఆగిందో ఇద్దరికీ గుర్తుండదు. ఆ జారడం పొరపాటు కాదని భార్యకొక్కదానికే తెలుసని ఆయన ధీమా.

కాంట్రాక్టరు మోటారుసైకిలు మీద వచ్చాడు. భారీ మనిషి, చెవి మీద పెన్సిలు. దిగగానే జేబులోంచి ఫోను తీసి బండిపెట్టెలో పెట్టి తాళం వేశాడు. వెనకే ఇంటాయనా, ఇంటావిడా వచ్చారు. ఇంటావిడ టీ ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని ఇటుకల మీద కూర్చుంది. బాబాయి మెల్లగా మెట్ల దగ్గరికి జరిగి, గొట్టం సర్దుకుని, చెవులు రిక్కించాడు.

"ఏమయ్యా, ఇది మెట్టా, ప్రహరీగోడా? ఎక్కాలంటే నిచ్చెన వేసుకోవాలా?" అని ఇంటాయన మొదలెట్టాడు.

"నాలుగు వేళ్ళ తేడాకి ఇంత రాద్ధాంతం ఏంటి సార్? కాలు కాస్త ఎత్తి వేస్తే పోయె."

"నాకు నడక నేర్పుతావా? నిన్న మా ఆవిడ బోర్లా పడబోయింది!"

"పడబోయారు గానీ పడలేదుగా!"

"అంటే పడితే నీకు బాగుండేదా?"

"నేనన్నానా ఆ మాట? అమ్మా, మీరే చెప్పండి, అన్నానా?"

"నన్ను మధ్యలోకి లాగకండి బాబూ. నాకు పడబోవడమే చాలు" అంది ఇంటావిడ టీ పోసుకుంటూ.

గొంతులు పరంజా కర్రల్ని దాటి పైకి లేచాయి. పరంజా మీద గోడ పూస్తున్న మేస్త్రీ తాపీ ఆపి, కాళ్ళు వేలాడేసుకుని సుఖంగా కూర్చున్నాడు.

"పగలగొట్టు! మొత్తం పగలగొట్టి మళ్ళీ పొయ్యి!"

"పగలగొట్టేది లేదు. నా మనుషుల్నీ నా చెక్కల్నీ తీసుకుని ఇప్పుడే పోతా. ఎవడొచ్చి కడతాడో నేనూ చూస్తా!"

"పో! నువ్వుంటే ఎంత, పోతే ఎంత! నేనే మొదలెడతా!" అంటూ ఇంటాయన గోడకి ఆనించిన గునపం అందుకున్నాడు. కాంట్రాక్టరు రెండో చివర పట్టుకున్నాడు.

ఇదే అదను. బాబాయి గురి చూసి బొటనవేలు నొక్కాడు.

గొట్టం ముసలాడిలా రెండుసార్లు దగ్గి ఊరుకుంది. కరెంటు పోయింది. మోటారు ఆగిపోయింది. మూతిలోంచి ఒక్క చుక్క రాలి ఆయన పాదం మీదే పడింది.

గునపం ఇంటాయన వైపు వచ్చేసింది. ఆయన దాన్ని పైకెత్తాడు. బాబాయి గొట్టం కింద పడేసి, జన్మలో మొదటిసారి తగువు మధ్యలోకి దూకాడు.

"తప్పు నాది సార్!"

గునపం గాల్లోనే ఆగింది.

"పోసినప్పుడు మెట్లన్నీ సమానంగానే ఉన్నాయండీ. నేనే ఆ ఒక్కదానికీ నీళ్ళు ఎక్కువ పెట్టేశాను. రోజూ దాని మీదే కూర్చుంటానుగా, ముద్దెక్కువై చెయ్యి ఆగలేదు. బాగా తాగింది. పెరిగిపోయింది."

పైన మేస్త్రీ చేతిలో తాపీ జారి ఇసకలో గుచ్చుకుంది.

"పెరిగిందా? మెట్టా?" అన్నాడు ఇంటాయన.

"పెరగడమేంటి బాబాయ్, అదేమన్నా సొరపాదా?" అన్నాడు కాంట్రాక్టరు.

"మీరు నమ్మరు. ఇదివరకు ఒకళ్ళింట్లో అరుగు ఇలాగే పెరిగి పెరిగి కిటికీ దాకా వచ్చింది. పాపం వాళ్ళు పక్క వేసుకుని దాని మీదే పడుకునేవాళ్ళు. ఇంకొన్నాళ్ళు నీళ్ళు కొట్టి ఉంటే మేడెక్కడానికి మెట్లే అక్కర్లేకపోయేవి."

"నీకు మతిగానీ పోయిందా? సిమెంటు పెరగడం ఎక్కడైనా ఉందా?" అని ఇంటాయన గునపం దించి కాంట్రాక్టరు వైపు తిరిగాడు. "నువ్వు చెప్పవయ్యా ఇతనికి!"

"ఎన్నేళ్ళుగానో చెప్తున్నా సార్, వింటేగా! ఒట్టి కోతలు!"

ఇటుకల మీద ఇంటావిడ పకపకా నవ్వుతోంది. కప్పులో టీ చీర మీద ఒలికినా చూసుకోలేదు. "పోనీ నీళ్ళు మానేస్తే తగ్గుతుందా బాబాయ్?"

"తగ్గదమ్మా. పెరిగిన పిల్లని పొట్టి చెయ్యగలమా? కింది మెట్లకి కాస్త కాస్త పోసుకుంటూ వస్తే అవే పెరిగి దీన్ని అందుకుంటాయి."

ఆవిడతోపాటు నవ్వుతున్న కాంట్రాక్టరు నవ్వు ఆపేశాడు. చెవి మీది పెన్సిలు తీసి మెట్లను ఒకటొకటిగా చూసుకుంటూ కిందికొచ్చాడు.

"సార్, పిచ్చిమాటైనా పనికొచ్చేట్టుంది. బండలు పరిచేటప్పుడు కింది మెట్లకి మందం కొద్దికొద్దిగా పెంచుకుంటూ వస్తే, ఆ నాలుగు వేళ్ళూ అన్నిట్లోకీ సర్దుకుపోతాయి. పగలగొట్టక్కర్లేదు."

"అదేదో నిన్ననే చెప్పొచ్చుగా?"

"మీరు చెప్పనిస్తేగా!"

"నేనా? గొంతు చించుకున్నది నువ్వు!"

"నేను చించుకున్నానా? అసలు నిన్న..."

కరెంటు వచ్చింది. నేల మీద పడున్న గొట్టం ఉలిక్కిపడి, తల ఎత్తి, ఒక్క ఎగురు ఎగిరి ఇద్దర్నీ తల నుంచి కాలి దాకా తడిపేసింది. ఇంటాయన కళ్ళజోడు మీంచి నీళ్ళు చూరు కారినట్టు కారాయి.

"ఈసారి నిజంగా నేను కాదండీ!" అన్నాడు బాబాయి రెండు చేతులూ పైకెత్తి.

"ఈసారా? అంటే ప్రతిసారీ నువ్వేనా?"

కాంట్రాక్టరు తీరిగ్గా చొక్కా పిండుకున్నాడు. "ఆ సంగతి మా కాంట్రాక్టర్లందరికీ తెలుసు సార్. తగువు తప్పదనుకున్న రోజు ఫోను బండిపెట్టెలో పెట్టుకునే వస్తాం. ఎంత అరిచినా బాబాయి ఉన్నాడులే అని ధైర్యం."

ఇన్నేళ్ళుగా బాబాయి తను ఒక్కడే దొంగాట ఆడుతున్నాననుకున్నాడు. అందరూ వచ్చి నిలబడి తడిశారన్నమాట! చెవుల దాకా సిగ్గు పాకింది. దాని వెనకాలే నవ్వూ వచ్చింది.

మధ్యాహ్నం మెట్లన్నిటికీ చప్పుడు వినపడేదాకా నీళ్ళు కొట్టాడు. తర్వాత ఎత్తు మెట్టు మీద కూర్చుని మోకాళ్ళు చాపుకున్నాడు.

"రేపట్నుంచి వీటికి ఎవరు కొడతారు బాబాయ్?" అంది ఇంటావిడ.

ఆయన లేచి, గొట్టం ఆవిడ చేతికిచ్చి, బొటనవేలు ఎక్కడ నొక్కాలో చూపించాడు. మొదటి ధార ఆవిడ చెప్పుల్లోకే పోయింది. రెండోది మెట్ల మీద పడింది.

"అది చప్పరించినట్టు అంటుందమ్మా. అనేదాకా ఆగు."

ఆవిడ తల వంచి విన్నది. "అంది బాబాయ్!"

ఆయన పాదాలు ఇసకలో అద్దుకుని రోడ్డెక్కాడు. రోజూ మోసే గొట్టం బరువు లేక ఒక భుజం పైకి లేచిపోతుంటే చేత్తో నొక్కుకుంటూ నడిచాడు. బస్సులో భార్య ముందుగా ఆయన కాళ్ళు తడిమి చూసింది.

"ఇంకా తడిగానే ఉన్నాయి. సరేలే, ఇవాళేమైంది చెప్పు."

"ఇవాళా?" ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఇవాళ ఒక మెట్టు పెరిగిందే..."

అక్కడ తలుపుల్లేని కొత్త ఇంట్లో, ఆ ఎత్తు మెట్టు మీద చారల గొట్టం చుట్టలు చుట్టుకుని పడుంది. దాని మూతి అంచున ఒక చుక్క ఊరి, పడటానికి తొందరేమీ లేనట్టు వేలాడుతోంది.