లీలమ్మకు వచ్చిన చీటీ

చీట్లు తీసే ముందు ప్రార్థన చేసింది సంతోషమ్మే. ఆ ప్రార్థనే కొంప ముంచింది.

నారాయణఖేడ్ చర్చి అరుగు మీద ఆమె నెల రోజులుగా పన్నెండు మంది ఆడవాళ్లకు అక్షరాలు దిద్దిస్తోంది. అంతలో పట్నం నుంచి దేవానందం దిగాడు. పెద్ద చదువుల మనిషి. పదిమందిలో కూర్చుంటే చదువు త్వరగా వస్తుందా, విడిగా చెబితే వస్తుందా అని పరిశోధన చేస్తున్నాడట. ఆరుగురు అరుగు మీదే ఉండాలి, మిగతా ఆరుగురికి ఇళ్లలో విడిగా చెప్పాలి. ఎవరు ఎటో చీట్లే తేల్చాలన్నాడు. ఏ పనికైనా ముందు చేతులు జోడించే సంతోషమ్మ, "ప్రభువా, నీ చిత్తం చూపించు" అనేసింది. ఆ ఒక్క మాటతో అతని లెక్క కాస్తా దేవుని తీర్పైపోయింది.

లీలమ్మకు "ఒంటరి" వచ్చింది.

ఈ లీలమ్మకు కలరా గత్తరలో ఇద్దరు పిల్లలూ పోయారు. ఆ జబ్బులో ఆమె చాటుగా ఊరి దేవత పోశమ్మకు సాక పోసి మొక్కుకుంది. అందుకే యేసయ్య పిల్లల్ని తీసుకుపోయాడని కుమిలిపోయి, ఏడాది పాటు నోరు విప్పలేదు. అరుగు మీద పలక పట్టుకున్న పదో రోజున ఆ సంగతి చెప్పి భోరున ఏడ్చింది. "నేను గూడ పోసిన లీలమ్మా" అంది పక్కనున్న గ్రేసమ్మ. ఆ రోజు నుంచే లీలమ్మ కడుపునిండా తింటోంది.

చీట్లు తీసిన నాలుగో రోజు ఆమె మొగుడు గిద్యోను పరుగున వచ్చాడు. "దేవుడే ఎల్లగొట్టిండంటది. మూడొద్దులాయె, గంజి గూడ ముడ్తలేదు. సచ్చిపోతదక్కా!"

సంతోషమ్మ దేవానందం కాళ్ల మీద పడ్డంత పని చేసింది. "గామెను అరుగు మీదికి రానియ్యి సారూ."

"ఒక్కరిని మార్చినా నా పనంతా బూడిదల పోసినట్టే" అన్నాడతను. మనిషి చెడ్డవాడేం కాదు. కళ్లు తుడుచుకుంటూనే కాదన్నాడు. చదువు అంత గట్టిది మరి.

ఇక దారి లేక సంతోషమ్మ తానే ఆరు చీట్లు రాసింది. ఆరింటి మీదా "గుంపు" అనే. లీలమ్మ ఇంటికెళ్లి, మళ్లీ ప్రార్థన చేసి చీట్ల గిన్నె చాపింది. లీలమ్మ ఒకటి తీసి కూడబలుక్కుంది. "గుం... పు." ఎండిన మొహం వికసించింది. చదవొచ్చిన సంబరంలో ఇంకోటి విప్పింది. "గుంపు." సంతోషమ్మ గిన్నె వెనక్కి లాక్కునేలోగా మూడోది కూడా.

"అన్నీ గదే రాస్తివా అక్కా?"

మిగిలిన మూడు చీట్లనూ సంతోషమ్మ గుప్పిట్లో దాచుకుంది.

"దేవుని పేరు మీద అబద్ధమాడితివా? నా కోసం? ఇగ నిన్ను గూడ ఎల్లగొడ్తడు గదనే!"

ఇరవై ఏళ్లుగా వాక్యం చెబుతున్న సంతోషమ్మకు ఆ మాట నిజమేననిపించింది. ఏడుస్తూ వెళ్లి లీలమ్మ పక్కన చాప మీద కూలబడింది.

"ఎల్లగొట్టనీ" అంది. "ఇద్దరం బయటనే ఉందాం."

గంజి ముంత అందుకుని తాను ఒక గుక్క తాగి, లీలమ్మకు ఇచ్చింది. లీలమ్మ ముంతను రెండు చేతులా పట్టుకుంది. తర్వాత తాగింది.