వైరుకు వేలాడిన తాళం చెవి

లిఫ్టులు బాగుచేసేవాళ్లలో నా అంత జాగ్రత్తపరుడు లేడని నాకో పొగరు. ఆ పొగరంతా నా స్కూటర్ తాళం చెవి వల్ల వచ్చిందే.

తలుపు తెరిచి ఉంటే లిఫ్టు కదలదు. రిపేరు చేసేటప్పుడు మాత్రం మాకు అది కదలాలి. అందుకని పైన మెషిన్ రూములో ఒక వైరు ముక్క తగిలించి, తలుపు మూసే ఉందని లిఫ్టును నమ్మిస్తాం. పనయ్యాక తీయకపోతే, మనిషి సగం లోపల, సగం బయట ఉండగానే లిఫ్టు కదిలిపోతుంది. దీనికి మా గురువు ఒక కిటుకు నేర్పాడు. వైరు తగిలించగానే బండి తాళం చెవి దానికే వేలాడదీయాలి. ఇక వైరు తీయనిదే ఇంటికి వెళ్లలేం.

ఆ రోజు మూడింటికి పని ముగించి కిందికి వచ్చేసరికి అక్క కారులో ఎదురుచూస్తోంది. ఇంటికెళ్లి అమ్మను ఎక్కించుకుని కంటి డాక్టరుకు చూపించాలి. అక్క కాలేజీలో సైకాలజీ చెబుతుంది. కారులోనూ మానదు.

"మరిచిపోవడమంటే చెరిగిపోవడం కాదురా. చాలాసార్లు సరుకు లోపలే ఉంటుంది, అందించే కొక్కెం దొరకదు. రోజూ చేసే పనులైతే మరీనూ. నిన్నటిదీ ఇవాళ్టిదీ కలిసిపోతాయి."

"నీ పాఠాలు నీ పిల్లలకి చెప్పుకో. నా కొక్కెం నాకుంది," అంటూ తాళం చెవి సంగతి డప్పు కొట్టుకున్నాను.

"ఏదీ, చూపించు."

ప్యాంటు జేబులు చూశాను. చొక్కా జేబు చూశాను. లేదు. కారెక్కేవాడికి స్కూటర్ తాళంతో పనేముంది? అందుకే బయల్దేరేటప్పుడు వెతకనే లేదు.

"వైరు మాత్రం తీశానే. మెషిన్ పెట్టె మూత ఎడమచేత్తో పట్టుకుని కుడిచేత్తో లాగాను. ఆ వేళ్లు నాకింకా కనిపిస్తున్నాయి."

అక్క నా కుడిచేతి వంక చూసింది. ఆ పొద్దున్నే రేకు కోసుకుని చూపుడువేలికి కట్టు కట్టుకున్నాను.

"నీకు కనిపిస్తున్న ఆ వేలికి కట్టుందా?"

కళ్లు మూసుకున్నాను. వేలు శుభ్రంగా ఉంది. నిన్న కూడా అదే లిఫ్టు, అదే వైరు. నేను చూస్తున్నది నిన్నటి చెయ్యి.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. మూడో అంతస్తు పిన్నిగారి భర్తకు ఒక కాలూ చెయ్యీ పడిపోయాయి. ఆమె చక్రాల కుర్చీని వెనక్కి లాగుతూ లిఫ్టు ఎక్కుతుంది. "నాలుగింటికి ఆయన్ని తీసుకెళ్లాలి, అప్పటికి అవుతుందా బాబూ?" అని పొద్దున అడిగితే, "నాదీ పూచీ" అన్నాను.

"అక్కా, కారు తిప్పు!"

వాచ్‌మన్‌కు నాలుగుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు, వెధవ. సిగ్నల్ దగ్గర ఆగినందుకు అక్కను కూడా తిట్టాను. పచ్చ లైటు పడగానే ఆమె కారు దూకించింది.

నాలుగుకు రెండు నిమిషాలుండగా మెట్లెక్కడం మొదలుపెట్టాను. మూడో అంతస్తులో లిఫ్టు తలుపు తెరిచి ఉంది. పిన్నిగారు ఒక కాలు లోపల పెట్టి కుర్చీ లాగుతోంది. ఆమె జబ్బ పట్టుకుని గుంజాను. ఇద్దరం కుర్చీ మీద పడ్డాం.

పైన ఎవరో బటన్ నొక్కారు. తలుపు బార్లా తెరిచే ఉంది, లిఫ్టు మాత్రం లేచింది. ఆమె చెప్పు ఒకటి దానితోపాటే పైకి పోయింది. మా ముందు చీకటి గొయ్యి మిగిలింది.

"వైరు తీయడం నేనే మరిచిపోయాను పిన్నిగారూ," అన్నాను. మెషిన్ రూముకు పరిగెత్తాను. వైరు అక్కడే ఉంది, దానికి నా తాళం చెవి. రెండూ లాగి, పిడికిట్లో బిగించి కిందికి వచ్చాను.

ఆమె గోడకు ఆనుకుని నిలబడింది. రెండు చేతులతో భర్త భుజం పట్టుకుంది.

"ఇప్పుడు తీశారా?"

పిడికిలి విప్పి చూపించాను. వైరు ఉంది, తాళం చెవి ఉంది, కట్టున్న వేలు ఉంది. కానీ ఇందాక కారులో కూడా తీశాననే అనుకున్నాను.

"ఒక్క నిమిషం, ఇంకోసారి చూసొస్తాను," అని మళ్లీ పైకి వెళ్లాను.