రెండో తెడ్డు

ఆఫీసులో ఆమెను అందరూ పాతమ్మ అనేవారు. వయసు చూసి పెట్టిన పేరు కాదు, ఆమెకు నలభై ఆరు నిండలేదు. గేమ్ కన్సోళ్లు తయారుచేసే ఆ కంపెనీలో మిగతా అంతస్తులవాళ్లంతా రాబోయే ఆటల గురించి తలలు బద్దలు కొట్టుకుంటుంటే, ఆమె పని వెనక్కి చూడటం. పాత డిస్కులు కొత్త మెషిన్‌లో ఆడతాయో లేదో ఒక్కొక్కటే పెట్టి చూసి చెప్పాలి. ముప్పై ఏళ్ల కిందటి డిస్కు అయినా సరే, అటక మీంచి దింపి దుమ్ము తుడిచి పెడితే ఆట టక్కున మొదలవ్వాలి. కంపెనీవాళ్లు జనానికిచ్చిన మాట అది. మాట ఇచ్చింది పెద్దవాళ్లే గానీ, దాన్ని నిలబెట్టే బరువు మాత్రం రెండో అంతస్తు చివరి గదిలో పాతమ్మ నెత్తిన పడింది.

ఆ గది పొడుగునా ఇనుప బీరువాలు. వాటిలో కంపెనీ ఇన్నేళ్లుగా చేసిన మెషిన్లన్నీ వరసగా ఉండేవి. తెల్లగా పుట్టి పసుపు రంగుకు తిరిగినవి కొన్ని, మూత విరిగితే రబ్బరు బ్యాండు వేసినవి కొన్ని. బీరువా తెరిస్తే వేడెక్కిన ప్లాస్టిక్ వాసన వచ్చేది. ఆ వాసన తగిలితే చాలు, పాతమ్మకు తొమ్మిదేళ్ల వయసు వచ్చేసేది.

గదిలో ఆమెకు తోడు కళ్లద్దాల ఇంజనీరు ఒకడు. పాత మెషిన్ ఎలా నడిచేదో కొత్తదానికి నేర్పే కోడ్ రాయడం అతని ఉద్యోగం. "కొత్త కోడలికి అత్తగారి అలవాట్లు నేర్పడం లాంటిదండీ. అన్నిటికీ తలూపుతుంది. ఎక్కడో ఒకచోట తన పద్ధతి చూపిస్తుంది" అనేవాడు.

వేలకొద్దీ ఆటలు మనుషులే ఆడి చూడాలంటే ఏళ్లు పడుతుంది. అందుకని ముందు ఒక ప్రోగ్రామ్ ప్రతి ఆటనూ తెరిచి కాసేపు నడిపి, ఆగిపోకుండా ఉంటే పచ్చ గుర్తు పెట్టేది, ఆగిపోతే ఎర్ర గుర్తు. పాతమ్మ దగ్గరికి ఎర్రవే వచ్చేవి. ఒకరోజు పచ్చ గుర్తుల జాబితా ఊరికే చూస్తుంటే అందులో పడవ ఆట కనబడింది. ఆమె చేతిలో టీ చల్లారిపోయింది.

ఆమె చిన్నప్పుడు వాళ్లమ్మ ఆసుపత్రిలో నర్సు. సాయంత్రం డ్యూటీలు ఎక్కువ. అమ్మ చెల్లెలు, అంటే పిన్ని, రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో పని దొరికి వాళ్లింట్లోనే ఐదేళ్లుంది. చొక్కాలకు కాజాలు కుట్టే మెషిన్ మీద ఆమె పని. ఏడాది పొడుగునా ఒక్క సెలవూ పెట్టనందుకు ఫ్యాక్టరీవాళ్లు బహుమతి ఇస్తామంటే కుక్కరు వస్తుందనుకుని సంచి పట్టుకెళ్లింది పిన్ని. తీరా చూస్తే గేమ్ మెషిన్, దాంతోపాటు పడవ ఆట డిస్కు. "దీన్లో అన్నం వండుకోవాలా?" అని సూపర్‌వైజర్‌నే అడిగేసి వచ్చింది.

ఆ పడవకు రెండు తెడ్లు. ఎడమ తెడ్డు మొదటి కంట్రోలర్‌తో ఒకరు, కుడి తెడ్డు రెండో కంట్రోలర్‌తో మరొకరు వెయ్యాలి. ఇద్దరి చేతులూ ఒకేసారి పడితేనే పడవ సూటిగా పోతుంది. నది మూడో మలుపులో కుడిపక్కన ఒక నల్లబండ. దానికి కొట్టుకుని ఎన్నిసార్లు మునిగారో లెక్కలేదు. వేసవి సెలవులన్నీ ఆ బండకే సమర్పించారు. ఫ్యాక్టరీ నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, చాప మీద కూర్చుని పిన్ని "ఊఁ, వెయ్యి... ఊఁ, వెయ్యి" అంటుంటే పిల్ల పళ్లు బిగించి తెడ్డు వేసేది. సెలవుల ఆఖర్లో ఒకనాడు బండ దాటారు. పిల్ల ఇల్లంతా గంతులేసింది. ఇదంతా తన చేతి చలవేనని, పిన్నికి అసలు ఆడటమే రాదని స్కూల్లో అందరికీ చెప్పుకుంది. ఆటల కంపెనీలో చేరతానని ఆమె మొదటిసారి అన్నది కూడా అప్పుడే.

ఇన్నేళ్లకు ఆ డిస్కు తెచ్చి కొత్త మెషిన్‌లో పెట్టింది. రెండో కంట్రోలర్ ఇంజనీరు చేతికిచ్చింది. అదే నది, అదే నీళ్ల చప్పుడు. మొదటి మలుపు, రెండో మలుపు, మూడోది. నల్లబండ పక్కనుంచి పడవ నల్లేరు మీద బండిలా సాగిపోయింది. అదీ మొదటిసారికే. ఆ ఆట మొహం కూడా ఎరగని మనిషితో.

సంతోషించాల్సింది పోయి ఆమెకు మనసు చివుక్కుమంది.

"ఇది మా ఆట కాదు" అంది.

"మీరు పెద్దవాళ్లయ్యారండీ. చిన్నప్పుడు అందని గోడ ఇప్పుడు నడుం దాకా కూడా రాదు. గోడ తప్పా?" అన్నాడు ఇంజనీరు.

అతనన్నదీ నిజమే కావచ్చు. అయినా చెప్పులో రాయిలా అది పోలేదు. పక్క గదుల్లోంచి ఇద్దరిద్దర్ని పిలిచి ఆడించింది. ఒక్క జంట కూడా మునగలేదు. పాత మెషిన్‌లో పోల్చి చూద్దామంటే బీరువాలో ఆ తరానిది ఒక్కటే ఉంది, దానికి రెండో కంట్రోలర్ గుచ్చే చోటు ఎప్పుడో చెడిపోయింది. చివరికి ఆమె ఫోన్ తీసి పిన్నికి చేసింది.

పిన్నికిప్పుడు అరవై నాలుగు. రైల్లో గంట ప్రయాణం దూరంలో కొడుకు దగ్గర ఉంటుంది. కలిసేది పెళ్లిళ్లలోనే. "మీ ఆఫీసుకా? నేనొచ్చి ఏం చెయ్యాలే? కాజాలు కుట్టాలా?" అంది. ఆటాడాలని చెబితే నవ్వి, మర్నాడు పొద్దున్నే ఇస్త్రీ చీర కట్టుకుని దిగింది. గేటు దగ్గర మెడలో వేసిన అతిథి కార్డును గదిలోకి వచ్చేదాకా పట్టుకునే ఉంది, ఎవరైనా లాక్కుంటారేమో అన్నట్టు.

కంట్రోలర్ చేతిలోకి తీసుకోగానే పిన్ని కాళ్లు వాటంతటవే కుర్చీలోకి మడుచుకున్నాయి. "ఊఁ, వెయ్యి" అంది.

పడవ కదిలింది. కదిలిందే గానీ, తెడ్డు పడ్డప్పుడల్లా ఎడమకు కొట్టుకుపోయింది. మొదటి మలుపు కూడా రాకుండానే ఒడ్డుకు గుద్దుకుని మునిగింది. మళ్లీ వేశారు, మళ్లీ మునిగింది. ఆఫీసులో ఆటంటే తెలియనివాళ్లు కూడా దాటిన నదిలో పిన్ని ఏడుసార్లు మునిగింది.

"వయసైపోయిందే నాకు" అని కంట్రోలర్ ఒళ్లో పెట్టుకుంది పిన్ని. ఆమె మొహం చూసి, పిలిచి అవమానించినట్టయిందే అని పాతమ్మ నొచ్చుకుంది.

ఇంజనీరు మాత్రం కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "మీరు ఎప్పుడూ ఎడమకే పోతున్నారండీ. ఒక్కసారి కూడా కుడికి పోలేదు. చేయి తప్పితే రెండువైపులా తప్పాలి కదా. మీరు మా మేడం కంటే ముందు నొక్కుతున్నారా?"

"ముందే నొక్కాలి కదా నాయనా" అంది పిన్ని, ఇది కూడా తెలియదా అన్నట్టు. "ఈ రెండోది కాస్త బద్ధకస్తురాలు. నొక్కాక ఒక్క క్షణం ఆలోచించుకుని గానీ కదలదు. మా కాజా మెషిన్ కూడా అంతే. పెడల్ తొక్కాక కొంచెం ఆగి సూది దిగేది. గుడ్డ సూది కిందికి రాకముందే తొక్కేవాళ్లం."

పాతమ్మ తన చేతిలోని మొదటి కంట్రోలర్ వంక చూసుకుంది.

మధ్యాహ్నం క్యాంటీన్లో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు అడిగింది.

"నీకు అప్పుడే తెలుసా పిన్నీ?"

"పది రోజులకే తెలిసింది. నీకు మొదటిదే కావాలని పేచీ పెట్టావుగా. బద్ధకపుది నాకొచ్చింది."

"మరి బండ దగ్గర అన్నిసార్లు ఎందుకు మునిగాం?"

"నీ చేయి ఒకసారి పడ్డట్టు ఇంకోసారి పడేది కాదు. నువ్వెప్పుడు వేస్తావో కనిపెట్టి దానికంటే ఓ రవ్వ ముందు నేను వెయ్యాలి. నిన్ను చదవడానికి వేసవంతా పట్టిందే నాకు" అంది పిన్ని, చెంచాతో పెరుగు కలుపుకుంటూ.

"చెప్పొచ్చు కదా. నీకు ఆడటం రాదని ఊరంతా చాటాను."

"చెబితే నువ్వు నా చేయి చూసి వేసేదానివి. అప్పుడిద్దరం పాడయ్యేవాళ్లం. అయినా మీ అమ్మ సాయంత్రాలు ఇంట్లో లేక దిగాలుగా ఉండేదానివి. గెలిచానని గంతులేస్తే వేసుకోనీ అనుకున్నా."

పాతమ్మ మంచినీళ్ల గ్లాసు అందుకుంది. "పెరుగు ఇంకొంచెం తేనా?" అంది.

ఇంజనీరు మరో పాత మెషిన్ విడిభాగం తెచ్చి, చెడిపోయిన చోటును నాలుగు రోజుల్లో బాగుచేశాడు. కొలిచి చూస్తే పిన్ని మాట అక్షరాలా నిజం. పాత మెషిన్ మొదటి కంట్రోలర్‌ను చూసి, ఆ తర్వాతే రెండోదాన్ని చూసేది. మధ్యలో రెప్పపాటులో నాలుగో వంతు తేడా. ఆ రోజుల్లో చేసినవాళ్ల చేత పొరపాటుగా జరిగిన పని అది. కొత్త మెషిన్ రెండిటినీ ఒకేసారి చూస్తోంది.

ఆ ఆలస్యాన్ని పాత ఆటల కోసం మళ్లీ పెట్టాలని పాతమ్మ రాసి పంపింది. సెక్షన్ హెడ్ ఆమెనూ ఇంజనీరునూ పిలిపించాడు. మంచివాడే, కానీ తేదీలతో వేగుతున్నవాడు.

"మేడం, తప్పు దానంతటదే పోయింది. పోయిన తప్పును వెతికి తెచ్చి పెట్టడమేంటి? అడుసు తొక్కడమెందుకు, కాలు కడుక్కోవడమెందుకు?"

"ఆ తప్పుతోనే జనం ఆడటం నేర్చుకున్నారు సార్. ఏళ్ల తరబడి ఆడినవాళ్లు మునుగుతారు, నిన్న వచ్చినవాళ్లు దాటుతారు. మనం ఇచ్చిన మాట ఎవరికి? డిస్కు దాచుకున్నవాళ్లకే కదా."

"అలాంటివాళ్లు ఎంతమంది ఉంటారు?"

పాతమ్మకు తెలిసింది ఒక్క పిన్నే.

అప్పుడు ఇంజనీరు గొంతు సవరించుకున్నాడు. ఆ ఆలస్యం పెట్టి చూశాక, ఇద్దరు కలిసి ఆడే ఆటల్లో ఇన్నాళ్లూ ఎందుకాగిపోతున్నాయో అంతుబట్టని పదకొండు ఎర్రగుర్తులు ఒక్క రాత్రిలో పచ్చగా మారాయని చెప్పాడు. అవన్నీ రెండో కంట్రోలర్ ఆలస్యంగా వస్తుందనే నమ్మకం మీద కట్టినవే. నెలల తరబడి ఇద్దరికీ తలప్రాణం తోకకు తెచ్చినవి.

హెడ్ కాగితం రెండుసార్లు చదివాడు. "ఈ మాట ముందే చెబితే సరిపోయేదిగా" అని సంతకం పెట్టాడు. పాతమ్మ మాటలు నచ్చి కాదు, పదకొండు కోసం పెట్టాడు. అయినా సంతకం సంతకమే. వాళ్లు లేచి గుమ్మం దాకా వచ్చాక, "దీని తర్వాతి మెషిన్‌కు డిస్కు పెట్టే సందే ఉండదంటున్నారు మేడం. అప్పటికి ఈ గది ఏమవుతుందో నాకూ తెలియదు" అన్నాడు మెల్లగా. పాతమ్మ తలూపింది. ఆ ముక్క ఆమె ఎప్పుడో ఊహించుకుంది. ఆ సాయంత్రం కోడ్‌లో ఆ ఆలస్యం పక్కన ఇంజనీరు చేత ఒక వాక్యం రాయించింది. ఇది పొరపాటే, దయచేసి సరిచేయవద్దు, దీని మీద మనుషులు ఆధారపడి ఉన్నారు అని.

కొత్త మెషిన్ బజారులోకి వచ్చిన ఆదివారం పాతమ్మ ఒకటి సంచిలో పెట్టుకుని పిన్ని ఇంటికి వెళ్లింది. పడవ ఆట పెట్టారు. పిన్ని చేయి ముందు పడింది, రెండో తెడ్డు తన బద్ధకం కొద్దీ ఆగి కదిలింది, పడవ సూటిగా పోయింది. మూడో మలుపు దగ్గర ఒక్కసారి మునిగి, రెండోసారి దాటారు. పాతమ్మకు కళ్లు చెమ్మగిల్లాయి. ఈ క్షణం కోసమే ఇంత దూరం వచ్చినట్టనిపించి, పిన్ని వైపు తిరిగింది.

పిన్ని అప్పటికే మెషిన్ అట్టపెట్టెను తిప్పి తిప్పి చూస్తోంది.

"ఇది ఆడాం కదే. దీన్లో కొత్తవి ఏమున్నాయి?"

పాతమ్మకు ముందు ఉసూరుమంది, తర్వాత నవ్వొచ్చింది. గాలిపటం మీద మనుషులు ఎగిరే ఆటొకటి, ఆ నెలే వచ్చింది, దాన్ని పెట్టింది. ఆమె దాన్ని ఆడి ఎరగదు. కొత్త ఆటలు ఆమె గది దాకా వచ్చేవి కావు. ఏ బటన్ ఏం చేస్తుందో తెలియక ఇద్దరూ గుడ్డెద్దు చేలో పడ్డట్టు గాల్లో తిరిగి ఒక మేడ గోడకు అతుక్కుపోయారు.

"జరుగు, నాకు కనబడటం లేదు" అంది పిన్ని, చాప మీద సర్దుకుంటూ. "ఈసారి మొదటిది నేను తీసుకుంటా."