అడ్డం పడిందా, బావా?

వాటర్ స్కూటర్ మళ్ళీ కూతపెట్టింది. చెరువులోకి దిగిన కాసేపటికే ఇంజన్ పెనంలా కాలి, ఎర్ర దీపం వెలిగి, కీచుమని ఒకటే గోల. గట్టు మీదికి లాగి, నీళ్ళ పైపు తగిలించి నడిపితే మాత్రం చల్లగా, బుద్ధిగా తిరుగుతుంది. మెకానిక్ థర్మోస్టాట్ మార్చాడు, గొట్టాలన్నీ విప్పి ఊది చూశాడు. దానికి చీమ కుట్టినట్టయినా లేదు. తల బాదుకోవడం ఒక్కటే మిగిలింది.

ఆ బండి అతని అక్కది. పిల్లలకు ఈత నేర్పేటప్పుడు దాని మీద వాళ్ళ వెనకాలే తిరుగుతుంది. "సాయంత్రానికి బాగవకపోతే వేరే మెకానిక్‌ని పిలుస్తా" అని పొద్దున్నే మొహం మీద చెప్పేసింది. సొంత అక్క! అతనికి ఒళ్ళు మండిపోయింది. అక్కే నమ్మకపోతే ఈ గట్టున ఇంకెవరు బండి ఇస్తారు?

"బావా, అడుగున నీళ్ళు లోపలికెళ్ళే చోట ఏమైనా అడ్డం పడిందా?" మళ్ళీ అడిగాడు.

"పడలేదురా బాబూ, ఎన్నిసార్లు చెప్పాలి?" అన్నాడు బావ. బండిని దించడం, లాగడం, తుడవడం అన్నీ ఆయనే. ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వడు.

ఈసారి మెకానిక్ ఆయన వెనకే నీళ్ళ అంచుదాకా వెళ్ళాడు. బండి ఇంకా ట్రాలీ మీద ఉండగానే బావ జేబులోంచి దోమతెర గుడ్డ తీసి, వంగి, అడుగున ఉన్న జాలీకి కట్టడం మొదలుపెట్టాడు.

"ఏంటది?"

"నాచు లోపలికి పోకుండా. పైకి లాగగానే తీసి ఉతికి ఆరేస్తాలే."

"అడ్డం పడిందా అంటే లేదన్నావుగా!"

"పడలేదు. నేనే పెట్టా. పెట్టావా అని అడిగావా?"

మెకానిక్ ఇక ఆగలేదు. "ఇంజన్‌ని చల్లబరిచే నీళ్ళు పోయేదే అందులోంచి బావా! ముక్కు మూసి పరుగెత్తమంటే ఎలా? నా ప్రాణం తీశావు కదా!"

బావ ముడి విప్పుతూ మెల్లగా అన్నాడు. "పోయిన నెల నాచు పట్టి మీ అక్క చెరువు మధ్యలో ఆగిపోయింది. ఎవరో పడవేసుకెళ్ళి తీసుకొచ్చారు. నేను గట్టు మీద నిలబడి చూశా. నాకు ఈత రాదు కదరా."

సాయంత్రం అక్క చెరువంతా చుట్టి వచ్చింది. కూత లేదు. "ఇంతకీ ఏంటట?"

బావ నేల చూపులు చూస్తున్నాడు.

"నాచు అక్కా. నేనే సరిగ్గా చూసుకోలేదు."

"నాచు చూడ్డానికి ఇన్ని రోజులా? నువ్వేం మెకానిక్‌వి రా!"

అతను ఆ మాట దిగమింగి స్పానర్లు సంచిలో వేసుకున్నాడు. ఆమె అటు వెళ్ళగానే బావ చెవి దగ్గర పళ్ళు నూరాడు. "రేపు పొద్దున్న ఈతకొచ్చే పిల్లల వరసలో నువ్వు నిలబడలేదో, అక్కకి నిజం చెప్పేస్తా."