నాగక్క గోడ

కారేపల్లిల జాకెట్టు కుట్టియ్యాలంటే పొద్దుగాల్నే పోవాలె. ఎండ నెత్తిమీదికొచ్చిందంటే నాగక్క టేపు చుట్టి డబ్బాల పెట్టేస్తది. అందరి లెక్క ఆమె ఆది జాకెట్టు అడగదు, మనిషిని ముట్టదు. దుకాణం ముందట సున్నం కొట్టిన గోడ ఉన్నది. ఎండను వీపుకు పెట్టి నిలవడితే గోడ మీద నీడ పడ్తది. ఆ నీడకు కొలత తీస్తది.

మబ్బు పడితే దుకాణం బందు. ముసురు దినాలల్ల జనం నాగక్కను తిట్టుకుంటరు గని గోడను పల్లెత్తు మాట అనరు. గోడకు బట్టలు కనపడయ్, మనిషే కనపడ్తడు. మంగ్లికి నెల తప్పిన సంగతి మంగ్లి కంటే ముందు గోడకే తెలిసింది. "లోపల బట్ట వదుల్తున్న, కడుపు పెరిగినప్పుడు కుట్లు విప్పుకో," అన్నది నాగక్క. మంగ్లి సరే అన్నది. పక్షవాతం పడ్డ చెంచురామయ్య నీడ నిటారుగ నిలవడితే నాగక్క ఆ నీడకే లాల్చీ కుట్టింది. అది తొడుక్కొని ముసలాయన తన కాళ్ల మీద బజారుకొచ్చిండు. కుట్టు మంచిగున్నదన్నరు అందరు.

అందుకే పవన్ ఏండ్ల సంది ఆ గోడ దిక్కు పోలే.

పవన్ ఎవరంటరా? యశోద కన్న బిడ్డ. ఇంట్ల, ఆధార్ కార్డుల దీపిక. ఖమ్మంల ఖానాపురం హవేలి దిక్కు స్కూటీ మీద కొరియర్ పార్సిళ్లు పంచుతడు. పవన్ అన్నది తనకు తాను పెట్టుకున్న పేరు. మనకు చెప్పిండు గాబట్టి మనం గట్లనే పిలుద్దాం. ఛాతి మీది ఎత్తు తనది కాదని ఈడొచ్చిన నాటి నుంచి వానికి తెలుసు. స్నానం చేస్తే కండ్లు మూసుకుంటడు, బజార్ల నడిస్తే గూనిగ నడుస్తడు.

ఛాతిని చదును చేసే బనీను ఉంటదని ఫోన్ల చూసి తెప్పించుకున్నడు. తన పార్సిల్‌కు తనే సంతకం పెట్టుకున్నడు, నవ్వొస్తదా లేదా చెప్పుండ్రి. సైజు కాడ మాత్రం బొక్కబోర్లా పడ్డడు. ఎంత బిగుతుంటే అంత చదును అనుకొని చిన్న సైజు తీసుకున్నడు. చంకల కింద ఒరుసుకపోయి పుండ్లయినయ్. ఇగ దాన్ని మూలకు పడేసి, బెణుకులకు చుట్టే సాగే పట్టీ మెడికల్ షాపుల కొనుక్కొని చుట్టుకుంటున్నడు. మెట్లెక్కితే కండ్లకు చీకట్లొస్తున్నయ్. అయినా అద్దంల కనపడేది తనే అనిపిస్తది. ఆ ఒక్క సుఖం ముందు ఊపిరెంత అనుకున్నడు పిచ్చోడు.

ఇంతల మేనమామ పెళ్లొచ్చి పడ్డది. యశోద మిరపకాయలు ఏరబోయిన కూలితోని లంగా జాకెట్టుకు ఆకుపచ్చ పట్టు, ఎర్ర ఓణీ తెచ్చింది.

"రెడీమేడ్ కొనుక్కుంటనే అమ్మా."

"మీ మామ పెళ్లికి రెడీమేడా? నడువ్ ముందు," అన్నది యశోద. ఆమె అన్నదంటే అన్నదే.

దారి పొడుగునా వాడు ఎనుకబడుకుంటనే నడిచిండు. నీడ చదునుగ పడితే అమ్మకు దొరికిపోతడు. అదొక భయం. అంతకంటే పెద్ద భయం ఇంకోటున్నది. నీడ గూడ అమ్మ మాటే చెప్తే? ఊళ్లె అబద్ధమాడనిది ఆ గోడొక్కటే. అది గూడ నువ్వు దీపికవే అంటే ఇగ పవన్ ఏడికి పోవాలె?

గోడ కాడ మంగ్లి చంటిపిల్లను ఎత్తుకొని కూసున్నది. పవన్ నిలవడ్డడు. నాగక్క నీడ భుజాలు కొలిచింది, నడుము కొలిచింది.

"పక్కకు తిరుగు బిడ్డా."

పవన్ కదల్లే.

"ఏందే, చెవుడా?" యశోద చెయ్యి పట్టి తిప్పింది.

వాడు కండ్లు గట్టిగ మూసుకున్నడు. టేపు చప్పుడు ఆగితే మెల్లగ తెరిచిండు. నీడ ఛాతి చదునుగ ఉన్నది. గని వాడు బిగపట్టుకొని నిలవడితే, నీడ ముందుకొంగి, భుజాలెగరేసుకుంట ఎగపోస్తున్నది.

"యశోదా, నీడకు ఊపిరాడుతలేదు," అన్నది నాగక్క. "లోపలేం చుట్టుకున్నవ్ బిడ్డా?"

యశోద వాని వీపు మీద చెయ్యేసింది. పట్టీ అంచు తగిలి చెయ్యి వెనక్కి గుంజుకున్నది.

"ఏందిది?"

"అది నాది కాదమ్మా. ఆ ఛాతి నాది కాదు."

"నేను కన్న ఒళ్లు నీది కాదంటవా?" అన్నది యశోద.

"మీ పంచాయితీ తర్వాత," అన్నది నాగక్క. "లోపలికి పో. అది విప్పి రా."

పరదా ఎనుక పట్టీ విప్పిండు. పక్కటెముకల మీద ఎర్రటి వాతలు. ఊపిరి ఒక్కసారే లోపలికొచ్చి దగ్గు తెచ్చింది. తల వంచి చూసుకుంటే చొక్కా కింద మళ్ల అదే ఎత్తు. ఇప్పటిదాక నీడ చదునుగున్నది పట్టీ పుణ్యమేనేమో, ఇగ నా బతుకు అయిపోయింది అనుకున్నడు. అయినా బయటికొచ్చి, ఎవరూ చెప్పకుండనే పక్కకు తిరిగిండు.

నీడ మారలే. అదే చదును ఛాతి. గని ఇప్పుడది నిటారుగ నిలవడి, సున్నం రాలేటంత గట్టిగ ఊపిరి పీల్చింది.

పవన్‌కు ఏడుపొచ్చింది. దాచుకోలే. మంగ్లి లేచి చెంబుతోని నీళ్లిచ్చింది.

"గిప్పుడు కొల్వాలె, నిండ ఊపిరి పీల్చినప్పుడు," అన్నది నాగక్క. "యశోదా, టేపు ఆ కొస పట్టు."

యశోద రాలే. నీడనే చూసుకుంట నిలవడ్డది. ఆ మెడ వంపు, ఆ భుజం ఎవరియో ఆమెకు తెలుసు. చిన్నప్పుడు సంకనేసుకొని పెంచిన తమ్మునివి, ఇప్పుడు పెళ్లికొడుకైనోనివి. పవన్‌కు ఆమె మొకం చూసే ధైర్యం లేకపోయింది. చానాసేపటికి టేపు మళ్ల కదిలిన చప్పుడైంది. కొస యశోద చేతుల ఉన్నది.

"లోపలి బనీనుకు ముందట సాగని కాటన్ రెండు మడతలు, ఎనుక సాగే బట్ట," అన్నది నాగక్క. "కొలతకు కుడ్త, బిగుతుగ కుట్టను. పండుకునేటప్పుడు విప్పాలె. నొప్పి లేస్తే వెంటనే తియ్యాలె. నడుము దాక కావాల్నా, పొట్టిది కావాల్నా?"

"గోడ మీదున్నంత చదునుంటదా పెద్దమ్మా?"

"ఉండదు. బట్ట బట్టనే గద. గని ఊపిరాడ్తది."

పవన్ గోడ దిక్కు చూసి కండ్లు తుడుచుకున్నడు. "పొట్టిదే కుట్టు పెద్దమ్మా. పక్కకు హుక్కులు పెట్టు. ఎండల స్కూటీ నడపాలె."

యశోద సంచి తెరిచి పచ్చ పట్టు బట్ట బల్ల మీద పరిచింది.

"అక్కా, దీన్ల చొక్కా వెళ్తదా?"

నాగక్క టేపు పెట్టి చూసింది. "వెళ్తది. చేతులు పొట్టిగైతయ్, బట్ట చాలదు."

యశోద ఎర్ర ఓణీ గూడ తీసి పచ్చ పట్టు పక్కన పెట్టింది.

"దీన్ల కొయ్యి. పొడుగు చేతులే పెట్టు. పెళ్లిల మామ పక్కన నిలవడాలె వాడు."