పాలిపోయిన సీసా

సీసా మూత బిగించిందా లేదా, బిగించింది, బిగించాక మళ్ళీ తిప్పి చూసుకుంది కూడా, అయినా ప్రయోగశాల మెట్లెక్కుతుంటే మళ్ళీ అదే ఆలోచన, బిడ్డ పాలు తాగి పడుకుందో లేదో, అమ్మ ఉందిగా, చూసుకుంటుంది, పొద్దున్న గుమ్మంలోనే అంది, ముఖం పాలిపోయిందే తల్లీ, ఇంకొన్నాళ్ళు ఆగి వెళ్ళకూడదూ అని, ముఖం సంగతి సరే, పాలిపోయింది ఆ సీసా, బీట్‌రూట్ రసంలా నిగనిగలాడే బాక్టీరియా, సారు సగం జీవితం పోసి తయారుచేసిన రకం, ఫ్రీజర్లో దాచినది కరెంటు పోయి ఎప్పుడో చచ్చింది, లోకంలో మిగిలింది అదొక్కటే, తీరా శుక్రవారం ఆమె పురిటి సెలవు ముగించుకుని వచ్చేసరికి అది బియ్యం కడిగిన నీళ్ళలా ఉంది. శని, ఆదివారాలు గడిచాయి, ఇవాళ సారు చూడటానికి వస్తున్నారు.

తప్పు బూజక్కదే, పక్క గదిలో ఏళ్ళ తరబడి బూజులు పెంచే ఆవిడకు ఆ పేరు ఎవరు పెట్టారోగాని అతికినట్టు సరిపోయింది, బూజుకు గాలి కావాలి, అందుకని ఆమె సెలవులో ఉండగా సీసాను చూసుకుంటూ వీటికీ మూత తీసి దూది పెట్టి, ఊపే యంత్రం మీద ఎక్కించింది, అయ్యో తల్లీ, ఊపిరాడక చస్తాయేమో అనుకున్నానే, అని తల పట్టుకుంది, మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే, అయినా ఆమె ఆవిడ మీద నోటికొచ్చినట్టు అరిచింది, ఆ అరుపు తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది, అరుస్తూనే సీసాలో అంచుదాకా ద్రవం నింపింది, గాలి బుడగ కూడా మిగలకుండా మూత బిగించి బల్బు ముందు పెట్టింది, పని మరిచిపోయానని బెంగపడిన మనిషి చేతులు ఒక్కసారి కూడా తడబడలేదు.

వసారా పొడుగూతా ఆ బాక్టీరియాలోని ఎలక్ట్రానే మనసులో తిరుగుతోంది, వెలుగు తగలగానే అది ఎగిరి పడుతుంది, ఒక అణువు చేతిలోంచి ఇంకో అణువు చేతిలోకి మారుతుంది, ఆ దారిలో ప్రోటాన్లు కణం లోపలి పొరకు ఒక పక్కన పోగుపడతాయి, అవి వెనక్కి తోసుకొచ్చే ఊపుకి బుల్లి మర తిరిగి శక్తి తయారవుతుంది, ఎలక్ట్రాన్ మాత్రం ఎక్కడ తిరిగినా పొద్దుగూకేసరికి ఇల్లు చేరే మనిషిలా బయలుదేరిన చోటికే వస్తుంది, మొక్కల్లా ఆక్సిజన్ కూడా వదలదు, ఒట్టి పిసినారివి నీ బాక్టీరియా అంటాడు మొగుడు, నవ్వొచ్చింది, తలుపు తీయాలంటే మాత్రం చెయ్యి రాలేదు.

తలుపు లోపలినుంచే తెరుచుకుంది, బూజక్క, తెల్లారకముందే వచ్చి కూర్చున్నట్టుంది, ఇటు రావే, ఇటు పక్కన చూడు, అని చెయ్యి పట్టి లాగింది, బల్బు వైపున్న గాజు వెంట లేత ఎరుపు, కళ్ళు నులుముకుని చూసినా ఎరుపే, అమ్మయ్యా, గుండె మీంచి బండ దిగినట్టయింది, అక్కా, ఆరోజు అన్నవేవీ మనసులో పెట్టుకోకు, పోవే పిచ్చిదానా, బతికాయి కదా, అంతకంటే ఏం కావాలి, బూజక్క ముక్కు తుడుచుకుంది, బతికాయి కాదక్కా, అసలు చావనే లేదు, గాలి దొరికినన్నాళ్ళు గాలితో బతికాయి, వెలుగుతో పని లేదు కనుక ఆ రంగు తయారుచేసుకోవడం మానేశాయి, గాలి ఆగి వెలుగు పడగానే మళ్ళీ మొదలుపెట్టాయి, చెబుతూ చెబుతూ ఆగిపోయింది, గాజులో తన ముఖం కనిపిస్తోంది, పాలిపోయే ఉంది, ఉండనీ, తనకూ ఏమీ కాలేదు, ఇన్నాళ్ళూ బిడ్డతో బతికింది, అంతే.