రెండో గంట

నేను ఒక రైలు పట్టా ముక్కను. పల్నాడులో ఒక ఊరి చివర, క్రైస్తవుల పేటలో, చర్చి ముందున్న వేపకొమ్మకు నన్ను తీగతో వేలాడదీశారు. ఆ చర్చికి నేనే గంటను. ఇత్తడి గంట కొనే స్తోమత లేక నన్ను తెచ్చుకున్నారు గానీ, నా గొంతు ఏ ఇత్తడికీ తీసిపోదు. మిరపచేల అవతలిదాకా వినపడతాను.

అంతకుముందు నేను మీటరు గేజి లైనులో పడుకుని ఉండేదాన్ని. అక్కడ నేర్చుకున్నదే ఈనాటికీ నా చదువు. పట్టాకూ పట్టాకూ మధ్య చిన్న సందు వదులుతారు, ఎప్పుడైనా గమనించారా? ఎండకు ఇనుము సాగుతుంది. సాగడానికి చోటు లేకపోతే ఎంత తిన్నని పట్టా అయినా వంకర తిరిగి బండినే పడేస్తుంది. మనుషులకు ఈ సంగతి తెలుసు. పట్టాల విషయంలో మాత్రమే తెలుసు.

ఇంకొకటి ఉంది, అది చెప్పబోతే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది. బండి కంటికి ఆనకముందే, కూత కూడా వినపడకముందే, నాలో సన్నగా ఒక వణుకు పుట్టేది. లైను మీద పనిచేసే మనుషులు నామీద అరచెయ్యి ఆనించి చూసి, “వస్తోందిరోయ్, లెగండి” అని పక్కకు తప్పుకునేవాళ్లు. నాకంటే ఎన్నో రెట్లు పెద్దదేదో ఎక్కడో బయల్దేరి నావైపే వస్తోందని తెలియడం! అది భయమో సంతోషమో నాకు ఎప్పుడూ తేలలేదు.

తర్వాత పెద్ద గేజి వేశారు. మమ్మల్ని పీకి, కోసి, పాత ఇనుము గుట్టలో పడేశారు. మా జాతి కథలు అక్కడితో ముగుస్తాయి. నన్ను మాత్రం జక్రయ్య అనే ఆయన వచ్చి, ముక్క ముక్కనూ రాయితో తట్టి చూసి, నా గొంతు నచ్చి, భుజాన వేసుకుని తీసుకెళ్లాడు.

జక్రయ్య సంఘపెద్ద. ఆదివారం మొదటి గంట కొడితే జనం స్నానాలు ముగించి తెల్లబట్టలు కట్టుకోవాలి. రెండో గంటకల్లా లోపల కూర్చోవాలి. ఆ తర్వాత వచ్చినవాళ్లను ఆయన గుమ్మంలో నిలబడి ఒక చూపు చూసేవాడు. ఆ చూపు పడటంకంటే ఇంటికి పోవడమే మేలు. “ప్రభువు వచ్చేనాడూ ఇంతే. సిద్ధపడినోళ్లే లోపలికి పోతారు” అనేవాడు. అబద్ధమాడడు, చుట్ట ముట్టడు, ఒక్కనాడూ గంట ఆలస్యం చెయ్యలేదు. నీతిమంతుడంటే జక్రయ్యేనని పేటంతా అనేది. ఆయనా కాదనేవాడు కాదు.

నా కిందే ఒక రాయి ఉంది. ఆ రాయి మీద ఆయన అక్క రాహేలమ్మ కూర్చునేది. తల్లి పోతే జక్రయ్యను చంకనేసుకుని పెంచింది ఆమే. ఆమె కూతురు వేరే మతం కుర్రాణ్ణి చేసుకుంటే, రాహేలమ్మ ఆ పెళ్లికి వెళ్లి అక్షింతలు వేసి వచ్చింది. మరుసటి ఆదివారం సంఘంలో లేచినవాడు తమ్ముడే.

“అక్కయినా న్యాయం న్యాయమే. అందరి ముందూ తప్పు ఒప్పుకునేదాకా ప్రభువు బల్ల ముట్టకూడదు” అన్నాడు.

“బిడ్డను దీవించినందుకు ఏమని ఒప్పుకోనురా?” అని ఆమె బయటికి వచ్చి రాయి మీద కూర్చుంది. ఆనాటినుంచి లోపలికి అడుగుపెట్టలేదు. అలాగని రావడమూ మానలేదు.

నెలనెలా మొదటి ఆదివారం లోపల ప్రభువు బల్ల దగ్గర రొట్టె విరుస్తుంటే కిటికీలోంచి వింటూ, కొంగు తలమీద కప్పుకుని, ఖాళీ దోసిలి పట్టేది. నేను పైనుంచి చూసేదాన్ని. నా గుండె ఇనుము గనక సరిపోయింది. “ఒక్కసారి బల్ల ముట్టి కన్నుమూస్తే చాలయ్యా, ఇంకేం అడగను” అని పాస్టరు అయ్యగారితో అనేది. ఆయన మెత్తని మనిషి, జక్రయ్యవైపు చూసేవాడు. జక్రయ్య గోడవైపు చూసేవాడు. సందు వదలని పట్టా అంటే ఏమిటో నాకు అప్పుడు మళ్లీ గుర్తొచ్చేది.

ఏళ్లు గడిచాయి. ఒక బల్ల ఆదివారం మొదటి గంట అయింది. జనం వచ్చి కూర్చున్నారు. రాయి ఖాళీగా ఉంది. జక్రయ్య ఇనప కడ్డీ అందుకుని, కొట్టేముందు ఊగకుండా ఎప్పటిలాగే ఎడమ అరచేత్తో నన్ను పట్టుకున్నాడు.

అప్పుడు వచ్చింది ఆ వణుకు.

మీకు ప్రమాణం చేసి చెబుతున్నాను, గాలి లేదు, ఆకు కదల్లేదు. ఒక్క ముక్కగా కొమ్మకు వేలాడుతున్నదాన్ని, నాకు అటూ ఇటూ పట్టా లేదు. అయినా ఒకనాడు మైళ్లకొద్దీ పారి నాలోకి వచ్చిన ఆ వణుకే నిలువెల్లా నన్ను పట్టుకుంది. ఆయన చేతికీ తెలిసింది. చెయ్యి తియ్యలేకపోయాడు. రాయివైపు చూశాడు. కడ్డీ జారి కిందపడింది. తెల్ల పంచె దుమ్ములో ఈడుస్తూ, నాకు కనపడేంత, వినపడేంత దూరంలోనే ఉన్న అక్క గుమ్మంలోకి పరిగెత్తాడు.

ఆమె జ్వరంతో వాకిట్లో నులకమంచం మీద పడుకుని ఉంది.

“గంట కొట్టకుండా వచ్చావేందిరా జక్రా? జనం కనిపెట్టుకుని ఉంటారు.”

“నువ్వు లేకుండా ఎట్టా కొట్టేది అక్కా!” అంటూ ఆమె కాళ్లు పట్టుకున్నాడు. “ఇన్నేళ్లూ గుమ్మంలో నిలబడి తలుపుకు అడ్డం నేనే పడ్డా. నేనే సిద్ధంగా లేను.”

ఆమె ఆయన తల నిమిరింది. ఒకప్పుడు తనను చంకనేసుకున్న అక్కను ఆయన రెండు చేతులమీద ఎత్తుకుని తెచ్చాడు. తన రాయి దాకా వచ్చేసరికి ఆమె ఆయాసపడి, “ఇక్కడ దించరా. నువ్వు లోపలికి పో, వేళ మించింది” అంది. ఆయన పోలేదు. ఆమె పాదాల దగ్గర నేలమీద కూర్చున్నాడు.

గంట మోగక, ఏం జరిగిందో తెలియక అయ్యగారు గుమ్మంలోకి వచ్చాడు. చూశాడు. ఆ మెత్తని మనిషి ఆ రోజు ఎవరివైపూ చూడకుండా లోపలికెళ్లి, రొట్టె పళ్లెం, ద్రాక్షారసం గిన్నె పట్టుకుని నా కిందికి వచ్చాడు. వెనకాలే సంఘమంతా వచ్చింది. తెల్లబట్టలన్నీ దుమ్ములో మోకరించాయి. రాహేలమ్మ దోసిలి మొదట నిండింది. ఆమె కన్నీళ్లు ఆ రొట్టె మీద పడటం నేను చూశాను. ఎంతెంతో బరువులు మోసినదాన్ని, ఆ చిన్న రొట్టె ముక్క బరువు ముందు ఊపిరి బిగబట్టాను. ఆ రోజు నన్ను ఎవరూ కొట్టలేదు.

రాహేలమ్మ ఆ వానాకాలంలో ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. జక్రయ్య ఇప్పుడు మొదటి గంట కొట్టి పేటంతా తిరుగుతాడు. అలిగినవాళ్ల గుమ్మాల ముందు నిలబడతాడు, మంచం పట్టినవాళ్లను లేపి కూర్చోబెడతాడు. వచ్చి అక్క రాయి మీద కూర్చుని, దారిలో ఎవరైనా మిగిలారేమోనని చూసి అప్పుడు రెండోది కొడతాడు. “పెద్దాయనకు వేళ తెలియడం లేదు” అని కుర్రకారు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

కొట్టేముందు నామీద అరచెయ్యి ఆనించి కాసేపు కళ్లు మూసుకుంటాడు. ఆ వణుకు మళ్లీ రాలేదు. వస్తుంది. పట్టాలు లేని చోటికి కూడా వచ్చే బండి అది, నాకు తెలుసు. ఈసారి వచ్చేసరికి గుమ్మం బయట ఆ రాయి మీద ఎవరూ మిగలకుండా చూడాలని ఆ ముసలాయన ఆరాటం.